బోనెక్కినవాడి ధైర్యం సంగతేంటి?

లా చదువుతున్న మన కుర్రాడొకడు మొన్నామధ్య ఒక ఇంగ్లీషు నవల తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అన్నా, ఇది చదువు. లాయరంటే ఇట్లా ఉండాలి. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు" అన్నాడు. హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' అది. 1960లో అచ్చయింది. 1961లో పులిట్జర్ బహుమతి. 1962లో సినిమా. అందులో ప్లీడరు వేషం కట్టిన గ్రెగరీ పెక్‌కి ఆస్కార్. ఆ ప్లీడరును చూసి ఎంతమంది పిల్లలు లా కాలేజీ మెట్లెక్కారో లెక్కలేదు.

చదివాను. నాకూ నిద్ర పట్టలేదు. కాకపోతే వాడికి పట్టకపోవడానికి కారణం వేరు, నాకు పట్టకపోవడానికి కారణం వేరు. ఆ తేడా గురించే ఈ నాలుగు మాటలు.

కథ తెలియనివాళ్ళ కోసం ముందు కథ. అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రం. 1930ల కాలం. మేకోంబ్ అని ఒక చిన్న ఊరు. ఊరు కల్పితమే గానీ ఆ ఊళ్ళోని రంగు కట్టుబాటు మాత్రం కల్పితం కాదు. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ. 25 ఏళ్ళు. భార్య, ముగ్గురు పిల్లలు. చిన్నప్పుడు పత్తి జిన్నింగ్ మిషన్‌లో ఇరుక్కుని ఎడమ చెయ్యి చచ్చుబడింది. ఊరి చెత్తకుప్పల పక్కన బతికే ఒక తెల్ల కుటుంబం ఉంది, యూవెల్స్. ఆ ఇంటి పిల్ల మాయెల్లా, 19 ఏళ్ళు. టామ్ నన్ను చెరిచాడని ఆమె, మా అమ్మాయిని చెరిచాడని ఆమె తండ్రి కేసు పెట్టారు. ఆ రోజుల్లో అక్కడ ఆ నేరానికి ప్రాణం తీసేవాళ్ళు. జడ్జి ఈ కేసును అటికస్ ఫించ్ అనే తెల్ల ప్లీడరుకు అప్పగించాడు. ఆ ప్లీడరు ఎనిమిదేళ్ళ కూతురు చూసినంత మేరకే మనకు కోర్టు కనపడుతుంది.

సాక్ష్యం పట్టుమని పది నిమిషాలు నిలబడేది కాదు. పిల్ల మొహం మీద దెబ్బలు కుడివైపున్నాయి. ఎదురుగా నిలబడి కొట్టినవాడు ఎడమచేతివాటం వాడై ఉండాలి. టామ్‌కి ఎడమ చెయ్యి పనిచెయ్యదు. తండ్రి బాబ్ యూవెల్ కోర్టులోనే ఎడమచేత్తో సంతకం పెట్టి చూపించాడు. డాక్టర్ని ఎవరూ పిలవనే లేదు. అయినా జ్యూరీలో కూర్చున్న పన్నెండుమంది తెల్ల మగవాళ్ళు 'దోషి' అన్నారు. ఆ తర్వాత టామ్ జైల్లోంచి పారిపోబోయాడని కాల్చారు. ఒంట్లో 17 తూటాలు.

ఇక అసలు సంగతి. టామ్ బోనెక్కి ఏం చెప్పాడు?

ఆ ఇంటి ముందునుంచి రోజూ పనికి పోతుంటే మాయెల్లా పిలిచి ఏదో ఒక పని చెప్పేది. కట్టెలు కొట్టు, నీళ్ళు తోడు. చేసేవాడు. ఐదు సెంట్ల బిళ్ళ ఇస్తానంటే, ఆ ఇంట్లో బిళ్ళలెక్కడివని వద్దనేవాడు. ఆ రోజు తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఐస్‌క్రీం తినమని బజారుకు పంపింది. అందుకోసం ఏడాదిపాటు పైసా పైసా కూడబెట్టింది. లోపలికి పిలిచింది. తనే అతన్ని పట్టుకుంది. కిటికీలోంచి తండ్రి చూశాడు. టామ్ పరిగెత్తాడు. ఇంతే జరిగింది. ఇదే చెప్పాడు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క దాచలేదు.

ప్రాసిక్యూటర్ లేచాడు. కూలీ లేకుండా ఆ పనులన్నీ ఎందుకు చేశావని గుచ్చి గుచ్చి అడిగాడు. ఇంట్లో మిగతావాళ్ళెవరూ ఆమెకు సాయం చెయ్యడం లేదు, ఆమెను చూస్తే జాలేసింది అన్నాడు టామ్.

అయిపోయింది. కేసు అక్కడ పోయింది. ఎడమ చెయ్యి కుడి చెయ్యి లెక్కలన్నీ గాలికి కొట్టుకుపోయాయి. ఒక నల్లవాడు ఒక తెల్ల పిల్ల మీద జాలిపడ్డానని నిండు కోర్టులో చెప్పాడు! జాలి ఎప్పుడూ పైనుంచి కిందికే పడాలి. అది పైవాడి ఆస్తి. కిందివాడు పైకి చూసి భయపడొచ్చు, దండం పెట్టొచ్చు, చాటున తిట్టుకోవచ్చు. జాలిపడకూడదు. జాలిపడ్డాడంటే ఆ క్షణాన వాడు పైన నిలబడ్డట్టు, వీళ్ళు కింద ఉన్నట్టు. జ్యూరీకి చెరచడమన్నా అర్థమవుతుంది గానీ ఈ జాలి అర్థం కాదు. అర్థమైనా సహించదు. ప్రాసిక్యూటర్ ఆ మాట జ్యూరీకి బాగా ఇంకేదాకా ఆగాడని రచయిత్రి రాసింది. తను చేసిన పొరపాటు టామ్‌కి కూడా తెలిసిపోయిందని రాసింది.

ఇక్కడ నేను ఆవిడకు నమస్కారం పెడతాను. తెల్ల ప్లీడరు ఇంట పుట్టిన మనిషి జాతి దురహంకారం గుండెకాయ ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది. ఇంత బాగా చూపించిన రచనలు ఎక్కువ లేవు.

కానీ దాన్ని 'పొరపాటు' అనడంలోనే నాకు పేచీ ఉంది. పొరపాటేంటి? ఆ కోర్టు మొత్తమ్మీద ఒకే ఒక్క మనిషి తన ప్రాణం పోతుందని తెలిసి కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధమాడే దారులు టామ్‌కి లేకపోలేదు. ఆమె నన్ను ముట్టుకోలేదు, నాకేం తెలీదు, నేనా ఇంటికే పోలేదు అనొచ్చు. తెల్ల పిల్ల తానే నల్లవాణ్ణి కోరుకున్నదని చెప్పడమంటే ఊరు నిలబడ్డ పునాది రాయిని లాగడం. ఆ రాయి మీద పడి చచ్చేది లాగినవాడే. తెలిసే లాగాడు. ఈ పనికి నవలలో ధైర్యమని పేరు లేదు.

మరి ధైర్యమనే పేరు ఎవరికుంది? చూడండి తమాషా. అటికస్ తన కొడుక్కి ధైర్యమంటే ఇదీ అని వేలెత్తి చూపించింది మిసెస్ డుబోస్ అనే ముసలావిడను. ఆవిడ మార్ఫిన్ అలవాటు వదిలించుకుని చనిపోయింది. గట్టి మనిషే, కాదనను. కానీ నల్లవాళ్ళ కేసు పట్టాడని అటికస్‌నీ అతని పిల్లల్నీ వరండాలో కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి కూడా ఆవిడే. అంత గొప్ప ప్లీడరుకు కొడుక్కి చూపించడానికి ధైర్యవంతురాలు ఆవిడే దొరికింది. టామ్ దొరకలేదు. టామ్ భార్య హెలెన్ దొరకలేదు. మొగుడు పోయాక ఆ హెలెన్ పనికి పోవాలంటే యూవెల్స్ ఇంటి ముందునుంచి పోవాలి. వాళ్ళ బెదిరింపులు పడలేక దాదాపు ఒక మైలు చుట్టు తిరిగి నడిచేది. ముగ్గురు పిల్లల్ని వదిలి రోజూ ఆ మైలు నడవడం ఏమిటండీ మరి? పుస్తకంలో దానికి దక్కినవి కొద్దిపాటి వాక్యాలు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అటికస్ చెడ్డవాడు కాదు. అప్పగించిన కేసే అయినా మొక్కుబడిగా వాదించలేదు. టామ్‌ని చంపడానికి గుంపు వస్తుందని తెలిసి జైలు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. బాబ్ యూవెల్ మొహాన ఉమ్మేస్తే తుడుచుకున్నాడు. ఇన్ని చేసినవాణ్ణి తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ ఎదుటివాడి చర్మంలో దూరి లోకాన్ని చూడాలని పిల్లలకు నేర్పే ఈ పెద్దమనిషి, తీరా పాఠం చెప్పేటప్పుడు ఎవరి చర్మంలో దూరమన్నాడు? టామ్‌ని చంపడానికొచ్చిన గుంపులో ఉన్న కన్నింగ్‌హామ్ చర్మంలో! ఆయన మంచివాడేనట, గుంపులో పడి కాస్త గుడ్డివాడయ్యాడట. ఈ మాట మనకు కొత్తేం కాదు. గొడ్డలి పట్టుకొచ్చినవాడి మంచితనం గురించి మనకు చెప్పే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

తీర్పు అయ్యాక ఒక ఘట్టం ఉంది. చదివినవాళ్ళంతా కళ్ళనీళ్ళు పెట్టుకునేది అక్కడే. కోర్టు మేడమీది బాల్కనీ నల్లవాళ్ళది. వాళ్ళు కింద కూర్చోకూడదు. అటికస్ బయటికి నడుస్తుంటే బాల్కనీ అంతా లేచి నిలబడింది. మర్నాడు పొద్దున అతని వంటింటి వెనకవైపు కోళ్ళు, ఉప్పేసిన మాంసం, రొట్టెలు, కూరగాయలు తెచ్చిపెట్టి పోయారు. గుర్తుంచుకోండి, అది ఆకలి కాలం, వాళ్ళు ఊళ్ళోకెల్లా పేదవాళ్ళు. ఓడిపోయిన కేసుకు కట్టిన ఫీజు అది. వాళ్ళు ఆ ప్లీడరు కోసం నిలబడటాన్ని నేను తప్పుపట్టను. నేను వెతికింది ఒకటే: టామ్‌ని సంకెళ్ళేసి అదే గదిలోంచి తీసుకుపోతున్నప్పుడు ఎవరు నిలబడ్డారు? పుస్తకంలో లేదు. వాళ్ళు నిలబడే ఉంటారని నా నమ్మకం. చెప్తున్న పిల్ల అటు చూడలేదు, అంతే. వాళ్ళ నాన్నవైపు చూస్తోంది.

ఇంకో చిన్న సంగతి. క్రాస్‌లో ప్రాసిక్యూటర్ ఆ ముగ్గురు పిల్లల తండ్రిని 'బాయ్' అని పిలుస్తాడు. మన భాషలో 'ఒరేయ్' అన్నమాట. అవతల అటికస్ మాయెల్లాను 'మామ్' అంటే, 'అమ్మా' అన్నట్టు, తనని ఎగతాళి చేస్తున్నాడని ఆమె ఏడుస్తుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ మర్యాదగా పిలవలేదు మరి. పేదరాలే. కానీ ఆమెకు మర్యాద కోర్టులోనైనా దొరికింది. టామ్‌కి కోర్టులోనూ 'ఒరేయ్'యే.

ఇది నవలలో మాట. అదే అలబామాలో, గాడ్స్‌డెన్ ఊళ్ళో, 1963లో నిజంగా ఏం జరిగిందో వినండి. మేరీ హామిల్టన్ అనే నల్లజాతి కార్యకర్త. పౌరహక్కుల ఉద్యమంలో అరెస్టయి కోర్టుకొచ్చింది. ప్రాసిక్యూటర్ ఆమెను 'మేరీ' అని పిలిచి ప్రశ్న వేశాడు. తెల్ల స్త్రీలను మిస్ ఫలానా, మిసెస్ ఫలానా అనే పిలుస్తారు. నన్ను సరిగ్గా పిలిస్తేనే జవాబు చెప్తానంది. జడ్జి చెప్పమన్నాడు. చెప్పనంది. కోర్టు ధిక్కారమని 5 రోజులు జైలు, 50 డాలర్లు జరిమానా. ఆమె ఊరుకోలేదు. కేసు పైకి పోయి, 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. బోనులో నిలబడి 'నన్ను పేరుపెట్టి పిలవడానికి నువ్వెవడివి' అన్నట్టు నిలదీసిన మనిషి! నవల అచ్చయిన మూడేళ్ళకే ఇది జరిగింది. ఆమె మీద మాత్రం ఎవరికీ ఆస్కార్ రాలేదు.

కల్పన కదా, కల్పనను కల్పనగా చదువు అంటారేమో. చదువుతా. కానీ ఆ కల్పన ఏ నేల మీద మొలిచిందో కూడా చూస్తా. 1931లో అదే రాష్ట్రంలో గూడ్సు రైల్లో పోతున్న తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ళను ఇద్దరు తెల్ల ఆడపిల్లల మీద అత్యాచారం కేసులో ఇరికించారు. వాళ్ళలో 12, 13 ఏళ్ళ పసివాళ్ళు కూడా ఉన్నారు. స్కాట్స్‌బరోలో రోజుల్లో విచారణ ముగించి ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. 1933లో రెండోసారి విచారణలో ఆ ఇద్దరు పిల్లల్లో ఒకామె, రూబీ బేట్స్, బోనెక్కి అసలు ఏమీ జరగలేదని చెప్పింది. అయినా జ్యూరీ దోషి అనే అంది. జేమ్స్ హోర్టన్ అనే తెల్ల జడ్జి ఆ తీర్పును తనే రద్దుచేశాడు. మరుసటి ఏడు ఎన్నికల్లో ఓడిపోయి జడ్జి పదవి పోగొట్టుకున్నాడు. ఇట్లాంటి మనిషిని తల్చుకోకపోతే తప్పు.

ఆ కేసు ఇంకో నిజాన్ని బయటపెట్టింది. జ్యూరీ జాబితాలో నల్లవాళ్ళున్నారని రాష్ట్రం పుస్తకం చూపించింది. ఆ పేర్లు తర్వాత ఇరికించి రాసినవని అవతలి ప్లీడరు చూపించాడు. 1935లో సుప్రీంకోర్టు జడ్జీలు ఆ పుస్తకాన్ని స్వయంగా పరిశీలించారు. నల్లవాళ్ళను జ్యూరీకి రానివ్వకపోవడం చెల్లదన్నారు. మేకోంబ్ జ్యూరీలో పన్నెండుమందీ తెల్లవాళ్ళే ఎందుకున్నారో ఇప్పుడర్థమవుతుంది. అది పన్నెండుమంది మనసు చెడిపోవడం కాదు, పుస్తకంలో పేర్లు రాసే గుమాస్తా దగ్గర్నుంచీ మొదలయ్యే ఏర్పాటు. నవల మనసుల గురించి చాలా చెప్తుంది, ఆ పుస్తకం గురించి తక్కువ చెప్తుంది.

ఆ తొమ్మిదిమందిలో హేవుడ్ ప్యాటర్సన్ అనేవాడు జైల్లో చదువు నేర్చుకున్నాడు. 1948లో తప్పించుకున్నాడు. 1950లో తన కథ పుస్తకంగా తెచ్చాడు. అంటే, 'మాకింగ్‌బర్డ్'కు పదేళ్ళ ముందే, బోనులో నిలబడ్డవాడి నోటినుంచే ఆ కోర్టు కథ వచ్చేసింది. మన కుర్రాడికి దాని పేరే తెలీదు. నాకూ చాలా ఏళ్ళు తెలీదు లెండి.

1955 సెప్టెంబరు. మిసిసిపీ రాష్ట్రం, సమ్నర్ కోర్టు. ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ పిల్లాణ్ణి అర్ధరాత్రి ఇంట్లోంచి ఎత్తుకుపోయి చంపిన కేసు. పిల్లాడికి ఆశ్రయమిచ్చిన బంధువు మోజెస్ రైట్, 64 ఏళ్ళ కౌలుదారు. ఎత్తుకుపోయిన తెల్లవాళ్ళు వీళ్ళేనా అని అడిగితే బోనులో లేచి నిలబడి, చెయ్యి చాచి, వేలితో చూపించాడు. అక్కడ నల్లవాడు తెల్లవాడివైపు వేలెత్తడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. విల్లీ రీడ్ అనే 18 ఏళ్ళ కుర్రాడు కొట్టంలోంచి దెబ్బల చప్పుడు విన్నానని చెప్పాడు. జ్యూరీ గంటా ఏడు నిమిషాల్లో నిర్దోషులంది. నాలుగు నెలలకు ఆ ఇద్దరు తెల్లవాళ్ళూ డబ్బు తీసుకుని, మేమే చంపామని ఒక పత్రికకు కథ చెప్పుకున్నారు. ముసలాయన ఊరొదిలేశాడు. కుర్రాడు షికాగో చేరి, పేరు మార్చుకుని బతికాడు. ఇంత నిజం దేశమంతా పత్రికల్లో చదివింది. ఐదేళ్ళ తర్వాత నవలొచ్చింది. అందులో ధైర్యం సాక్షి బోనులోంచి దిగి ప్లీడరు కుర్చీలోకి మారింది. ఎందుకంటే పుస్తకం కొనే తెల్ల పాఠకుడికి కూర్చోవడానికి ఒక మంచి కుర్చీ కావాలి. ఆ కుర్చీలో కూర్చుంటే తను జ్యూరీలోవాణ్ణన్న సంగతి మర్చిపోవచ్చు.

2015లో ఆవిడ పాత రాతప్రతి ఒకటి 'గో సెట్ ఎ వాచ్‌మన్' పేరుతో వచ్చింది. ఇది ముందు రాసినదే. ఇందులో అటికస్ ముసలివాడు. నల్లవాళ్ళను వేరుగా ఉంచాలనే తెల్లవాళ్ళ కౌన్సిల్ మీటింగులో కూర్చుంటాడు. చదివి చాలామంది గుండెలు బాదుకున్నారు. నాకు ఆశ్చర్యమనిపించలేదు. ఒక నల్లవాడికి న్యాయం చేస్తాను గానీ నల్లవాళ్ళు నా పక్కన కూర్చోకూడదు అనే పెద్దమనుషులు కల్పితం కాదు గదా.

మేకోంబ్‌కు అసలు ఊరు మన్రోవిల్, రచయిత్రి పుట్టిన ఊరు. అక్కడి పాత కోర్టును మ్యూజియం చేశారు. ఈ కథను ఏళ్ళ తరబడి నాటకమాడుతున్నారు. అదే ఊరివాడు వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని 1987లో తెల్ల పిల్లను హత్య చేశాడని పట్టుకున్నారు. విచారణ కాకముందే మరణశిక్ష ఖైదీల మధ్య పెట్టారు. హత్య జరిగిన పూట ఆయన ఇంటి దగ్గర చర్చి కోసం చేపలు వేయించి అమ్ముతున్నారు. ఆయన అక్కడే ఉన్నాడని నల్లవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బోనెక్కి చెప్పారు. నమ్మలేదు. 1988లో జ్యూరీ యావజ్జీవమంటే జడ్జి దాన్ని పక్కనపెట్టి మరణశిక్ష వేశాడు. బ్రయన్ స్టీవెన్‌సన్ అనే నల్లజాతి లాయరు పట్టుబట్టి పోరాడి 1993లో విడిపించాడు. స్టీవెన్‌సన్ 2014లో ఆ కథ పుస్తకంగా రాశాడు. మన కుర్రాడికి లాయరే కావాలంటే ఈయన్ని చదవమన్నాను.

అలబామా గొడవ మనకెందుకని ఎవరైనా అనొచ్చు. ఆ బోను మనకు తెలుసు గనక. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మనవాళ్ళను చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని కొట్లాడి సాధించుకున్నారు. ఏ దారుల్లో తరిమి నరికారో ఆ దారుల వెంటే నడిచిపోయి బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంటూ అందర్నీ వదిలేసింది. ఆ కేసులో మంచి లాయర్లున్నారు, వాళ్ళ రుణం మనం తీర్చలేం. కానీ వాయిదా అయ్యాక లాయరు రైలెక్కి పట్నం పోతాడు. సాక్షి ఆ రాత్రి అదే ఊళ్ళో పడుకోవాలి. తెల్లారి అదే చేలోకి కూలికి పోవాలి.

కుర్రాడు ఇదంతా విని మొహం ముడుచుకున్నాడు. "అయితే అటికస్ పనికిరాడంటావా అన్నా?" అన్నాడు. పనికొస్తాడు తమ్ముడూ, మన బోనుల పక్కన అట్లాంటివాళ్ళు ఎంతమంది నిలబడితే అంత మంచిది అన్నాను. టామ్ సాక్ష్యం ఉన్న పేజీలు మాత్రం ఇంకోసారి చదువు, ప్లీడరు మాటలు వదిలేసి చదువు అని చెప్పి పంపాను.

నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "టామ్ భార్య పేరు హెలెన్ అన్నా. మొదటిసారి చదివినప్పుడు నాకా పేరు గుర్తే లేదు."